ల్యాప్‌టాప్‌లో పెట్టిన ట్యూబు ముక్క

నాలుగేళ్లుగా మోస్తా ఉండా. ఇంట్లో చెప్పలా. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా చెప్పలా. నువ్వెవరో నాకు తెలీదు, అందుకే నీకు చెప్తుండా. నేను ఒక ఆడపిల్ల పేరు చెడగొట్టినా.

మాది వాకాడు పక్క. రేడియోలు బాగుచేస్తా మొదలుపెట్టి ల్యాప్‌టాప్‌ల దాకా వచ్చినా. బడికి పోలా. నలభై దాటినాక, డబ్బాల మీద పేర్లు చదువుకోవాలని అక్షరాలు నేర్చుకున్నా.

సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో ఎస్తేరు పనిచేసేది. ఏ తొట్టిలో ఏ మందు వేసినారో, ఎన్ని పిల్లలు చచ్చినాయో అంతా ల్యాప్‌టాప్‌లో ఎక్కించేది. దాని ఫ్యాను శుభ్రం చేయమని నాకిచ్చినారు. విప్పేటప్పుడు ఎస్‌ఎస్‌డీ మీది మెత్తటి ప్యాడు నా చేతిలోనే చినిగింది. రాసిందంతా దాచుకునే ముక్క ఎస్‌ఎస్‌డీ. దాని వేడిని లాగి అడుగు రేకుకి ఇచ్చేది ఆ ప్యాడే. కొత్తది కావాలంటే నెల్లూరు పోవాల. బద్ధకం. అంతే మందం ఉందని సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టినా. సందు నిండితే చాలనుకున్నా. నిజంగా అట్టా అనుకున్నానా? రబ్బరు వేడిని పోనీకుండా పట్టుకుంటుందని నాకు తెలీదా?

వారానికి ఎస్తేరు వచ్చింది. "మామా, ఇది ల్యాప్‌టాపా, దోసె పెనమా?" అని నవ్వింది. మీ తొట్ల గదే ఉక్క, దానికి నేనేం చేసేదని పంపేసినా. అప్పుడు విప్పి ఉంటే సరిపోయేది.

ఇంకో పది రోజులకి ఆ ల్యాప్‌టాప్ చచ్చింది, ఎస్తేరు ఎక్కించిందంతా దాంతోనే పోయింది. ఆ రోజుల్లోనే ఒక తొట్టిలో పిల్లలు మొత్తం పోయినాయి. తప్పు మందు వేసి, అది బయటపడకుండా ఎస్తేరే అంతా చెరిపేసిందని ఓనరు అనుమానం. ఆమెని వెంటబెట్టుకుని నా అంగడికి వచ్చినాడు.

అడుగు విప్పినా. ట్యూబు ముక్క మెత్తబడి ఎస్‌ఎస్‌డీకి అతుక్కుపోయి ఉంది. వాళ్లకి వీపు తిప్పి బ్లేడుతో గీకినా. కాలిన రబ్బరు వాసన. అదేందని అడుగుతారేమోనని ఊపిరి బిగబట్టినా.

"వేడికి పోయిందంటది ఈ పిల్ల. నిజమేనా పెద్దాయనా?"

"వేడికి ఇట్టా పోదు సార్. ఎవరో చెరిపినట్టే ఉంది."

"నా మొహం చూసి చెప్పు మామా," అనింది ఎస్తేరు.

నేను స్క్రూలు బిగిస్తా ఉండిపోయినా.

"అదే మాట కాగితం మీద రాసియ్యి," అన్నాడు ఓనరు.

రాసిచ్చినా. అప్పటిదాకా నేను రాసింది నా పేరు, స్క్రూల సైజులు. ఇంకో మనిషి గురించి నిండుగా రెండు వరుసలు రాయడం అదే మొదలు. ఒక్క ఒత్తు తప్పు పోలా. వేలిముద్ర మనిషిగానే ఉండుంటే ఆ కాగితం పుట్టేది కాదు కదా అని చాలాసార్లు అనుకున్నా, కానీ అదీ తప్పించుకునే మాటే. అక్షరాలేం చేసినాయి, రాసింది నేను. అంగడి పరువు పోతుందని రాసినా. ఆ పరువు ఎంతని?

ఆమెని తీసేసినారు. కాగితం ఫోటో ఫోను నుంచి ఫోనుకి పోయి, ఇంకే హేచరీ ఆమెని రానీలా. ఇప్పుడు రొయ్యలు వలిచే షెడ్డులో, ఐసు నీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడతా ఉంది. బస్సులో ఎదురైతే మొహం తిప్పుకునేది నేనే.

ఎస్‌ఎస్‌డీ వేడికే పోయింది. ఆ వేడి నేను పెట్టింది. ఎస్తేరు ఏమీ చెరపలేదు.

నీకు చెప్పిన ఇదంతా కాగితం మీద రాసి ముందు ఎస్తేరుకిస్తా, తర్వాత ఓనరుకి. క్షమించమని అడగను. చదివి నా మొహాన ఉమ్మినా ఉమ్మనీ. చెప్పేసినా. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడతా ఉంది.