కైనేజ్ వేదవతి

వేదవతిగారి నోట కైనేజ్ అన్న మాట రాకుండా పది నిమిషాలు గడిచాయంటే ఆవిడకు ఒంట్లో బాగోలేదని అర్థం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్లో నేను లెక్కలు చెబుతాను, ఆవిడ జీవశాస్త్రం చెబుతారు. కణం ఎప్పుడు రెండుగా చీలాలో చెప్పే ప్రోటీన్ల కుటుంబమట ఈ కైనేజ్‌లు. ఆ కుటుంబం గురించి ఆవిడకు తెలిసినంత తన అత్తగారి కుటుంబం గురించి తెలియదు.

ఒకసారి ఇద్దరం ఎల్బీనగర్‌కు ఆటో ఎక్కాం. సిగ్నల్ పడింది. ఆవిడ మొదలుపెట్టారు.

"చూశావా బాబూ, కణం కూడా ఇలాగే ఆగుతుంది. కైనేజ్ సరేనంటేనే కదులుతుంది. ఆ కైనేజ్ ఒంటరిగా పనిచెయ్యదు, పక్కన సైక్లిన్ ఉండాలి."

డ్రైవర్ మహిపాల్ వెనక్కి తిరిగాడు. "గిప్పుడు సైకిల్ ఏడికెల్లి తేవాలె మేడమ్?"

"సైకిల్ కాదయ్యా, సైక్లిన్! అది ఇంకో ప్రోటీన్!"

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఆ సైక్లిన్ ఎవరో తేలేదాకా మహిపాల్ బండి కదపలేదు.

మా ఆఫీసు గుమస్తా నాగార్జున పెళ్లిలో ఆవిడ అక్షింతలు వేస్తూ, "కైనేజ్, సైక్లిన్‌లా కలిసుండండి" అని దీవించారు. అంతటితో ఆగినా బాగుండేది. "పని కాగానే సైక్లిన్‌ను కణమే నాశనం చేసేస్తుందనుకోండి" అని కలిపారు. పెళ్లికూతురి తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా రెండు కుటుంబాలూ ఉండే అపార్ట్‌మెంట్ కింద టిఫిన్లు అమ్మే కిష్టమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. డాక్టర్ గోలీలు రాశారు. ఆమె మాత్రం మళ్లీ దవాఖానకు పోనని మొండికేసింది.

"గా కుర్చీల్ల కూసుంటే పానం గుంజుతది. నంబర్ పిలిచేలోపే సగం సచ్చిపోత."

"నేను తీసుకెళ్తాలెండి" అన్నారు వేదవతిగారు. క్యాన్సర్ మనిషికి కైనేజ్ పాఠమా! ఆపుదామని నేనూ వెంట వెళ్లాను.

ఆపడం నా తరమా? ఆస్పత్రి కుర్చీల్లో కూర్చోగానే ఆవిడ మొదలుపెట్టారు.

"మీ ఒంట్లో కైనేజ్ హద్దు దాటిందమ్మా. చీలు, చీలు అంటూ కణాల వెంటపడుతోంది. ఈ గోలీ వెళ్లి దాని నోరు మూస్తుంది."

"మా ఆడిబిడ్డ లెక్కనా?"

"అచ్చం!"

ఇక కిష్టమ్మ ఆడపడుచు సంగతులు చెప్పడం, ఈవిడ కైనేజ్ సంగతులు చెప్పడం. కాసేపటికి ఎవరిది ఏ దుర్మార్గమో నాకు కలిసిపోయింది. కిష్టమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఆమె మంచినీళ్లకు లేచినప్పుడు మెల్లగా అడిగాను. "ఇదంతా ఆమెకు అర్థమవుతోందంటారా?"

వేదవతిగారు గొంతు తగ్గించారు. "కాకపోతే ఏమైందండీ? మా అమ్మ ఇలాంటి కుర్చీలోనే గోడవంక చూస్తూ కూర్చునేది. పక్కన నేను ఏం మాట్లాడాలో తెలీక నోరు మూసుకుని ఉండేదాన్ని. భయానికి అంత ఖాళీ ఇవ్వకూడదు."

నేనింక ఆపలేదు.

గోలీలు పనిచేస్తున్నాయని డాక్టర్ చెప్పారు. మొన్న మళ్లీ వాళ్లతో వెళ్లాను. చుట్టుపక్కల ఆడవాళ్లంతా కుర్చీలు జరుపుకుని వేదవతిగారి దగ్గర చేరారు. నర్సు తలుపు తీసి, "కిష్టమ్మ ఎవరు? లోపలికి రావాలి" అని కేకేసింది.

కిష్టమ్మ తల తిప్పకుండా చెయ్యెత్తింది.

"జర ఆగు బిడ్డా! కణం గిప్పుడే సగం చీలింది. నడుమల ఇడిసిపెట్టి ఎట్లొస్త?"