జవాబు రాలేదని రాయండి

మెట్రో రైలు ఉప్పల్‌కు వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నగర తూర్పు ప్రాంతానికి పర్యావరణ ఇంజనీరుగా వేశారు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు నా పరిధి. ఫ్యాక్టరీల పొగగొట్టాలు, మురుగు కాలువలు చూసి, షరతులు పాటిస్తున్నారో లేదో పై కమిటీకి రాయడం నా పని. మూయించే అధికారం కమిటీదే. బయటివాళ్లు మాత్రం ఫ్యాక్టరీ తాళంచెవి నా బ్యాగులోనే ఉందనుకునేవారు.

చేరిన కొత్తలోనే నాచారంలోని ఒక ఫ్యాక్టరీ ఫైలు వచ్చింది. దానికి బొగ్గుతో నడిచే సొంత విద్యుత్ కేంద్రం ఉంది. యూనిట్ కరెంటుకు ఇంతకు మించి కార్బన్ డయాక్సైడ్ వదలకూడదని అనుమతిలో ఒక హద్దు రాసి ఉంది. పాత బాయిలరుతో అది సాధ్యం కాదు, కొత్తది పెట్టాలి. యాజమాన్యం హద్దే తీసేయమంది. స్థానిక నాయకుడొకరు ఆ కోరికను తన భుజాన వేసుకున్నారు. విస్తరణకు కూడా దరఖాస్తు పెట్టారు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి.

దుమ్ము మీద హద్దు పెడితే జనం మన పక్షాన ఉంటారు, ఆరేసిన బట్టల మీద అది వాళ్లకే కనిపిస్తుంది. ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ఎండలు ముదరడానికి ఇది కూడా కారణమని చెబితే, నాచారం వేసవిలో చెమటలు కక్కుతున్నవాళ్లే నవ్వేస్తారు. సభలో అందరూ వద్దంటే కమిటీ హద్దు ఎత్తేస్తుంది. ఒకచోట ఎత్తేస్తే చుట్టుపక్కల బొగ్గు బాయిలర్ల వాళ్లంతా అదే అడుగుతారు. నా భయం అదీ.

సభ నాచారంలోనే ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. జాయింట్ కలెక్టర్ గారు అధ్యక్షులు, పక్కన నేను. ముందు వరుసల్లో కార్మికులు, ఒక పక్కగా నాయకుడి మనుషులు. యాజమాన్యం తరఫు నిపుణుడు మాట్లాడతారని మేనేజర్ ప్రకటించాడు. లేచి నిలబడిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ప్రభాకర్ సార్!

ఉద్యోగంలో నా మొదటి పై అధికారి ఆయన. కొంగు దోపుకుని పొగగొట్టం నిచ్చెన ఎక్కడం నేర్పింది ఆయనే. ఈ ఫ్యాక్టరీకి ఈ హద్దు రాసిందీ ఆయనే. రిటైరయ్యాక కన్సల్టెంటుగా కుదరడం మా శాఖలో కొత్తేమీ కాదు. కానీ ఆయన ఆ పక్కన నిలబడతారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఈ వాయువు విషం కాదని, మనం వదిలే ఊపిరిలోనూ ఉంటుందని, ఇంత చిన్న కేంద్రానికి హద్దు అనవసరమని ఆయన తాపీగా చెప్పారు. హాలంతా చప్పట్లు. జాయింట్ కలెక్టర్ గారు నా అభిప్రాయం అడిగారు. ఆ హద్దు ఎందుకు పెట్టామో అప్పట్లో ఫైలులో రాసిన కారణాలు చదివాను. అవి ఆయన వాక్యాలే. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

నాయకుడు మైకు అందుకున్నారు. "ఈ మేడం లిమిట్ అంటది, ఫ్యాక్టరీ బంద్ అయితది. మీ పొట్ట కొడ్తుంటే ఊకుందామా?" అన్నారు. "ఊకోం!" అంటూ హాలు దద్దరిల్లింది.

తర్వాత యూనియన్ తరఫున యాదగిరి లేచాడు. బాయిలరు సెక్షనులో పనిచేసే మనిషి, లిమిట్ వద్దని చెప్పడానికే వచ్చాడు. చెప్పాడు కూడా. చెప్పి, కూర్చోకుండా మేనేజర్ వైపు తిరిగాడు.

"సార్, లిమిట్ తీసేస్తే మా కొలువులు గిట్లనే ఉంటయని జర మైకుల చెప్పుండ్రి. అందరం ఇంటం."

ఇంత తేలిక ప్రశ్నకు అవుననేస్తాడనుకున్నాను. మేనేజర్ నాయకుడి వైపు చూశాడు, నాయకుడు పైకప్పు వైపు చూశారు. "ఏంది సార్, గింత సోంచాయిస్తున్రు?" అని యాదగిరి మళ్లీ అడిగాడు. జవాబు లేదు. యాదగిరి ముఖం పాలిపోయింది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. ఇలాంటి సభ ముగిసేముందు, ఎవరేం అడిగారో, యాజమాన్యం ఏం చెప్పిందో అక్కడికక్కడే రాసి, తెలుగులో జనానికి చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకాలు. సంతకాలు పడ్డాక దిద్దడానికి లేదు. నేను రాస్తుంటే ప్రభాకర్ సార్ నా కుర్చీ దగ్గరకు వచ్చారు.

"అమ్మా, ఆ ముచ్చట ఇడిసిపెట్టు. జవాబే రాలేదు గదా, రాయనీకి ఏముంది?" అన్నారు మెల్లగా.

జవాబు రాకపోతే రాలేదని రాయాలి, ఖాళీ వదలొద్దు అని నా మొదటి సభలో నా చేత మళ్లీ రాయించింది ఈయనే. "మీరు నేర్పిందే సార్" అన్నాను. ఆయన వెళ్లి తన చోట కూర్చున్నారు.

మైకులో చదివాను. లిమిట్ వద్దన్నవాళ్ల మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు చదివాను. తర్వాత, హద్దు తీసేస్తే ఉద్యోగాలు ఉంటాయా అని కార్మికుల ప్రతినిధి రెండుసార్లు అడిగారని, యాజమాన్యం జవాబు ఇవ్వలేదని చదివాను. ఆ మాట తీసేయమని మేనేజర్ లేచాడు. ఇప్పుడు జవాబు చెప్పండి, అదీ చేరుస్తాం అన్నారు జాయింట్ కలెక్టర్ గారు. అతను కూర్చుండిపోయాడు.

కమిటీ హద్దును ఉంచింది. అభ్యంతరమంతా ఉద్యోగాలు పోతాయన్న వాదన మీదే నిలబడిందని, హద్దు తీసేసినా ఉద్యోగాలు ఉంటాయని యాజమాన్యమే పూచీ ఇవ్వలేకపోయిందని రాసింది. ఫ్యాక్టరీని ఊరవతలకు తరలించే ఆలోచన అప్పటికే ఉందని తర్వాత బయటపడింది. కొత్త చోట ఇచ్చిన అనుమతిలోనూ అదే హద్దు రాశాం. యాదగిరి వాళ్లలో కొందరు అక్కడికి వెళ్లారు, కొందరు కొలువు పోయి ఏఎస్ రావు నగర్ దుకాణాల్లో పనికి కుదిరారు. హద్దు వాళ్లను కాపాడిందని నేను చెప్పను. తరలింపు సంగతి ప్రభాకర్ సార్‌కు ముందే తెలుసా అని నేను ఏనాడూ అడగలేదు. తెలుసంటే తట్టుకోలేననిపించింది.

నేను రిటైరైన కొద్ది రోజులకే ఒక కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఇలాంటి హద్దునే సడలించే కేసులో నిపుణురాలిగా రమ్మని ఎంతో మర్యాదగా అడిగారు. ప్రభాకర్ సార్‌ను కూడా ఇలాగే అడిగి ఉంటారు. వద్దన్నాను. హద్దు రాసిన మనిషి మారిపోవచ్చని నాకు ఆ సభలో తెలిసింది. అందుకే అది ఎందుకు రాశామో, ఎవరు అడిగారో, ఎవరు జవాబివ్వలేదో, అందరి ముందూ చదివాకే సంతకం చేయాలి.