మునసబు వచ్చేదాకా

మా మరిది పటాలంలో ఉండేవాడు. కశ్మీరు కొండల్లో రెండు కాలివేళ్లు పోగొట్టుకుని, పుళ్లు మానేదాకా సెలవు మీద ఇంటికొచ్చాడు. యాభైల మొదట్లో చోడవరంలో మాకు మంచు అంటే అనకాపల్లి నుంచి రంపపు పొట్టులో కప్పి తెచ్చే ఐసుగడ్డే. అది మనుషుల్ని చంపుతుందంటే మా అత్త పకపకా నవ్వింది. ఐసు వేసిన సోడా తాగి చచ్చినవాడిని ఒకడిని చూపించమంది.

అతను ఓపిగ్గా చెప్పేవాడు. కొండవాలు మీద మంచు పొరలు పొరలుగా పడుతుందట. కింది పొర పంచదారలా పొడిపొడిగా ఉంటే, పైది ఎంత గట్టిగా కనిపించినా నమ్మకూడదట. అడుగు వేసినప్పుడు లోపల గుప్పుమని చప్పుడైతే వెనక్కి తిరగాలి. ఒక్కొక్కరే దాటాలి, తక్కినవాళ్లు చూస్తూ నిలబడాలి. ఎవరైనా కూరుకుపోతే కబురు చెప్పడానికి పరిగెత్తకూడదు, ఉన్నవాళ్లే అప్పటికప్పుడు తవ్వాలి. అతన్నీ తోటివాళ్లు అన్నం తినే పళ్లేలతో తవ్వి బయటికి లాగారు. ఇదంతా మనసుపెట్టి విన్నది అతని పెళ్లాం, నా తోటికోడలు, ఒక్కతే.

ఆ ఏడు దీపావళి ముందు వానలు బాగా పడి వెలిశాయి. పండక్కి గోడలు అలకాలి. ఎర్రమట్టికి ఆడవాళ్లం బుచ్చయ్యపేట దారిలో ఉన్న గోతికి వెళ్లేవాళ్లం. పైమట్టి పశువులు తొక్కినది, గోడకి పనికిరాదు. అందుకని గట్టు కింద గుహలా తొలిచి లోపలి మెత్తటి మట్టే తీసేవాళ్లం. ఎండకి బిగిసిన పైపెచ్చు చూరులా నెత్తిమీద వేలాడేది. ఏటా తొలిచేది మేమే, ఏటా దాని కింద కూర్చునేదీ మేమే.

తోటికోడలు ఆ పెచ్చు మీద నెర్రె చూసింది. ఒక్కొక్కరే లోపలికి వెళదాం, ఒకరు బయట నిలబడి చూస్తుందాం అంది. మొగుడు వేళ్లు పోగొట్టుకొస్తే పెళ్లాం గుండె పోగొట్టుకుందని మా అత్త అందరి ముందూ ఎగతాళి చేసి, ఆమెనే ముందు పంపింది. గంప సగం నిండేసరికి పెచ్చు విరిగి పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

నేను చేతులతో తవ్వడం మొదలుపెట్టాను. అత్త నా జుట్టు పట్టి వెనక్కి లాగింది.

"ముట్టుకోకే. సచ్చినోల్లని ముట్టుకుంటే ఇంటిల్లిపాదీ జైలుకెల్తాం. మునసబుగార్ని రానీ."

చచ్చిందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కానీ మా ఊళ్లో అదే పద్ధతి. నూతిలో పడినా, చెట్టుకి వేలాడినా, మునసబు చూసేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు. పారలు పట్టుకుని ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఇద్దరు నా రెక్కలు వదల్లేదు. ఒకావిడ అప్పుడే ఏడుపు అందుకుని, బంగారంలాంటి కోడలంటూ రాగం తీసింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మావాళ్లు చచ్చేదాకా కూడా ఆగలేదు.

మునసబు భోంచేసి వచ్చి తవ్వించాడు. ఆమె మీద మట్టి మోకాలి లోతు కూడా లేదు. ముఖం ముందు వేళ్లతో గీరి గీరి కాస్త ఖాళీ చేసుకుంది. గోళ్లు ఊడి ఉన్నాయి. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

మాడుగుల వెళ్లిన మరిది సాయంత్రానికి వచ్చాడు. ఏడవలేదు. ఆ వేళ్లు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎంతసేపు ఆగేరొదినా?"

మునసబు వచ్చేదాకా అన్నాను. అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ తల దించుకోలేదు, కేసు లేకుండా గట్టెక్కాం అంది. నాకు ఆవిడ పీక నొక్కేయాలనిపించింది. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఇప్పటికీ అనిపిస్తుంది.

మైల తీరిన రోజు శుద్ధికి ఇల్లు అలకాలి. అత్త నా చేతికి గంప ఇచ్చి ఆ గోతికే పంపింది. తవ్వక్కర్లేదు, తవ్వింది అక్కడే పడుంది, ఎత్తుకు రమ్మంది. తెచ్చాను. గోడలు తడి ఆరకముందే మరిది ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. పుళ్లింకా మానలేదు, సెలవు ఇంకా ఉంది. ఆ మంచులోకి మళ్లీ ఎందుకని అడిగాను.

"అక్కడైతే తవ్వుతారొదినా" అన్నాడు.