రిస్టోర్ నొక్కే ముందు

సోల్డరింగ్ పేస్టు కాలిన వాసన ముక్కుకి తగిలితే చాలు, గుణదలలో సలోమి గారి సెల్‌ఫోన్ రిపేరు షాపు గుర్తొస్తుంది. ఇవాళ పొద్దున నా షాపులో ఆ వాసన మధ్యే కంప్యూటర్ మళ్లీ పాత మాట చెప్పింది. ఈ సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ సంతకం, అంటే వాళ్ల అనుమతి ముద్ర, లేదు, ఎక్కించడం కుదరదు. నిన్నటిదాకా ఒప్పుకున్న వెర్షన్‌ని ఇవాళ ఒప్పుకోరు. ఎందుకని అడుగుదామంటే మనిషి ఉండడు. ఒళ్లు మండిపోయింది.

ఆ మంట నాకు ఆవిడ దగ్గరే అంటుకుంది. ఇబ్రహీంపట్నంలో కాంట్రాక్టు ఉద్యోగం పోయాక, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాను. సంతకం ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఆవిడ స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసేవారు. "చేను దున్నుకోవాలంటే ట్రాక్టర్ అమ్మినోణ్ణి అడుగుతామా అండీ? కొనుక్కున్న ఫోనుకి వీడి పర్మిషనేంటి?" అనేవారు, ఎదురుగా ఎవరుంటే వాళ్లతో.

ఒకరోజు చల్లపల్లి వైపు నుంచి ఒక కౌలు రైతు వచ్చారు. అప్‌డేట్ పెడితే ఫోను కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయిందట. ఫోను నా చేతికిచ్చి టీ తాగడానికి వెళ్లారు. సలోమి గారు భోజనానికి వెళ్లారు. పాత వెర్షన్ పెట్టేస్తే సరిపోతుందని నా తెలివి. కేబుల్ పెట్టి రిస్టోర్ నొక్కాను. సంతకం లేదంటూ ఆగిపోయింది. ఆవిడ వచ్చేసరికి అచ్చం ఆవిడలాగే కంపెనీని తిడుతున్నాను.

ఆవిడ తెర చూశారు. అప్పుడే తిరిగొచ్చిన రైతుని అడిగారు. "ఇందులో ఏమున్నాయండీ?"

"మునిగిపోయిన చేను ఫొటోలండి. దున్నేసి మళ్లీ నాట్లేశాం. పరిహారానికి ఆఫీసరు గారు రుజువు అడుగుతున్నారు. ఇంకెక్కడా లేవండి."

రిస్టోర్ ఫోనులో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ రిస్టోర్ పూర్తయి ఉంటే ఒక్క ఫొటో మిగిలేది కాదు.

ఆవిడ ఇప్పటి వెర్షన్ డౌన్‌లోడ్ చేసి, రిస్టోర్ జోలికి పోకుండా, ఉన్నవి చెరపని అప్‌డేట్ నొక్కారు. గంట తర్వాత ఫోను తెరుచుకుంది. నీళ్లలో పడుకున్న వరి కనిపించింది. రైతు వెళ్లాక నావైపు తిరిగారు.

"కంపెనీవాడు అడ్డుపడ్డాడు కాబట్టి బతికాం. వాడు ఆ రైతుని అడక్కుండా తాళమేశాడు. నువ్వు ఆయన్ని అడక్కుండా తుడిచేయబోయావు. నీకూ వాడికీ ఏంటయ్యా తేడా?"

నాకు కోపమొచ్చింది. ఇంటికెళ్లేదాకా మనసులో ఆవిడతో వాదించాను.

సలోమి గారు ఇప్పుడు లేరు. కంపెనీల మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఇవాళ పొద్దున ఎర్రర్ వచ్చిన ఆ ఫోను తెచ్చిన నర్సు గారిని కేబుల్ పెట్టకముందే అడిగాను. "ఇందులో ఏమున్నాయండీ?"

ఏమీ లేవు, తుడిచేయమన్నారు. ఇంకోసారి అడిగాకే రిస్టోర్ నొక్కాను.