మూడోనాటి మల్లె

నిలకోట్టై దగ్గర మల్లెనూనె తీసే ఫ్యాక్టరీలో పేచ్చియమ్మ ముక్కంటే అందరికీ హడల్. నిన్నటి పూలు గుప్పెడు కలిపి తెచ్చినా, బస్తా విప్పకముందే పసిగట్టి తెచ్చినవాణ్ని దులిపేసేది.

ఆ రోజు ల్యాబులో పనిచేసే తేన్మొళి ఓ కాగితం ముక్కని సీసాలో ముంచి, సరదాకి అందరిచేతా వాసన చూపించింది.

"ఛీ, ఎలక చచ్చినట్టుందే!" అంటూ ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

"ఇదీ మల్లెనూనెలో ఉండేదే. ఇండోల్ అంటారు. ఈ కాస్తా లేకపోతే మల్లెకి మల్లె వాసనే రాదు," అని నవ్వింది తేన్మొళి.

పేచ్చియమ్మ నవ్వలేదు, మొహమూ తిప్పుకోలేదు. పన్నెండేళ్ల కిందట తొమ్మిది రోజుల మగబిడ్డ పోతే, పాలు ఆగిపోవాలని అత్త ఆమె రొమ్ములకు మల్లెపూలు కట్టింది. మూడో రోజు గుడ్డ విప్పినప్పుడు, నల్లబడ్డ పూలలోంచి వచ్చింది ఈ వాసనే. ఆ మాటే చెప్పింది.

"అయ్యో! నిజంగా ఆగిపోతాయా అక్కా?" అనడిగింది తేన్మొళి.

"ఆగకేం? మూడు రోజుల్లో ఆరిపోయాయి. వాడు పోయాక నాకు మిగిలింది ఆ పాల సలుపొక్కటే. దాన్నీ ఉంచుకోనివ్వలేదు, మాయదారి పూలు!"