సర్దుకుంది అన్న మాట

"మీ కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలిసి చావట్లేదే నాకు," అంటుంది అత్తగారు, వారానికి ఒకసారైనా. "పిల్లల్ని చూసుకుంటుందా అంటే, చూసుకోదు. పిల్లల్ని పెంచేవాళ్లని చూసుకుంటుందా అంటే, అదీ కాదు. వాళ్ల ఇళ్లకి వెళ్లొచ్చే అమ్మాయిల్ని చూసుకుంటుంది. మూడు గోడల అవతల కూర్చుని పెత్తనం అన్నమాట."

"సరిగ్గా చెప్పారు అత్తయ్యా. అడిగినవాళ్లకి అలాగే చెప్పండి," అంటుంది కోడలు, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

అత్తగారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. సొంత ఇంట్లో ఉండే వీలు లేని పిల్లల్ని కొంతకాలం వేరే కుటుంబాల్లో ఉంచుతారు. అది దత్తత కాదు. ఎన్నాళ్లుంటారో ముందుగా ఎవరికీ తెలియదు. ఆ పిల్లలు ఎలా తింటున్నారు, ఎలా నిద్రపోతున్నారు, ఎందుకు మాట్లాడటం లేదు అన్నవి చూడటానికి ఇళ్లకు వెళ్లే కౌన్సిలర్లు నలుగురున్నారు. ఆ నలుగురికీ పైన ఈమె. రెండో అంతస్తులో, పన్నెండేళ్లుగా అదే గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మోకాలితో తోస్తే తప్ప మూతపడని ఇనుప బీరువా. కిటికీలోంచి చూస్తే ఎదురుగా రేకుల కప్పు, దాని మీద ఎవరిదో ఒంటి చెప్పు. ఆ గదిలోకి పిల్లలు రారు. వాళ్ల గురించి రాసిన కాగితాలు వస్తాయి.

కౌన్సిలర్లు ఒక్కొక్కరూ వారానికి ఒక గంట ఆమె ఎదుట కూర్చుని, తాము రాసింది పైకి చదవాలి. కాగితానికి నిలువుగా గీత. ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది. "పాప దిగులుగా ఉంది" అని ఎడమవైపు రాస్తే ఎర్రపెన్ను లేస్తుంది.

"దిగులు నీకు ఎక్కడ కనిపించింది?"

"మొహంలో, మేడం."

"మొహంలో కనిపించింది ఏమిటో ఎడమవైపు రాయి. దిగులు కుడివైపుకి పంపు."

వెనకాల ఆమెను ఎర్రపెన్ను అనే పిలుస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "నా పెళ్లి కార్డు ఇచ్చాననుకో, 'ఆనందంగా ఆహ్వానిస్తున్నాం' అన్నచోట గీత గీసి, ఆనందం ఎవరు చూశారని అడుగుతుంది," అని ఒకమ్మాయి వరండాలో అంటుంటే చెవిన పడింది. అప్పుడామె గదిలోనే ఉండి, ఆ అమ్మాయి నవ్వడం పూర్తయ్యేదాకా ఆగి బయటికి వచ్చింది.

ఈ పట్టింపు ఆమెకు చదువుతో రాలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో పిల్లల వార్డులో నర్సుగా ఉండేది. ఒక మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, వెళ్లిపోతున్న నర్సు మంచం వైపు చెయ్యి చూపించి "ఆ పాప పడుకుంది" అంది. పడుకుంది అంటే నిద్రపోతోందని ఈమె అనుకుంది. నిద్ర చెడగొట్టడం ఎందుకని రెండు గంటలు అటు వెళ్లలేదు. పాప నిద్రపోవడం లేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది. పిలవడానికి కూడా ఓపిక లేక ఊరికే పడుకుని ఉంది. ఆ పాప బతికింది, ఇంటికి వెళ్లింది. ఈమెకు మాత్రం మాటల మీద నమ్మకం పోయింది. తర్వాత కౌన్సిలింగ్ కోర్సు చేసి, ఈ ఆఫీసులో చేరి, మెట్టు మెట్టూ ఎక్కి ఈ గదికి వచ్చింది. భర్త వేరే ఊళ్లో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం వెళతాడు. మిగతా రోజుల్లో ఇంట్లో తనూ అత్తగారూ.

అలాంటి మనిషి చేతిలోంచే ఆ కాగితం జారిపోయింది.

పాపకు తొమ్మిదేళ్లు. అప్పటికి అది నాలుగో ఇల్లు. ఆ ఇంటావిడ బట్టలు కుడుతుంది. పాప ఆవిడ వెనకాలే చప్పుడు లేకుండా తిరుగుతుంటే, మిషను లోపల తిరిగే దారపు కండెలా ఉందని "బాబిన్" అని పేరు పెట్టింది. పాప ఆవిడను పిన్ని అంటుంది. ఆ ఇంటికి వెళ్లేది కొత్తమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడు నెలలు, ఇంకా ప్రొబేషన్. ఒక వారం కాలు బెణికి వెళ్లలేక, ఫోన్‌లో అడిగి తెలుసుకుంది. ఎడమవైపు ఒకే ఒక్క వాక్యం రాసింది: "పాప సర్దుకుంది."

ఆ వాక్యం కింద పైఅధికారిగా ఈమె సంతకం పెట్టింది. ఆరోజు అత్తగారి కంటి ఆపరేషన్. పదకొండు ఫైళ్లు, నిలబడే సంతకాలు చేసింది. సంతకం పడగానే పాప పేరు మొదటి జాబితాలోంచి రెండో జాబితాలోకి మారింది. మొదటి జాబితాలో ఉన్నవాళ్లకి వారం వారం కౌన్సిలర్ వెళుతుంది. రెండో జాబితా అంటే కుదురుకున్న పిల్లలు. ఆరు వారాలకొకసారి చాలు.

మూడు వారాలు తిరిగేసరికి, ఒక సాయంత్రం ఐదున్నరకి పాప కనిపించలేదు. బట్టలావిడ సందులన్నీ వెతికి, మెయిన్ రోడ్డు మీది బస్టాపులో పట్టుకుంది. బెంచీ మీద, ఒళ్లో సంచితో, కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉంది. బట్టలావిడ రూలు ప్రకారం ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆఫీసులో గుమాస్తా దగ్గర ఒక ఫారం ఉంటుంది. అందులో ఇలాంటి సంగతికి ఉన్నది ఒక్కటే గడి: "ఇల్లు విడిచి వెళ్లింది." గుమాస్తా ఆ గడిలో టిక్కు పెట్టాడు. టిక్కు పడ్డాక కాగితాలు వాటంతట అవే నడుస్తాయి. బుధవారం కమిటీ కూర్చుంటుంది, ఈ ఇంట్లో పొసగలేదని రాస్తుంది, పాపను ఐదో ఇంటికి పంపుతుంది. ఆ ఇల్లు వేరే ఊళ్లో ఉంది. స్కూలు కూడా మారాలి.

సోమవారం పొద్దున కొత్తమ్మాయి తలుపు దగ్గర నిలబడింది.

"మేడం, ఆ ఇంట్లో పాపకి ఏ కష్టమూ లేదు. ఆవిడ కళ్లలో పెట్టుకుని చూసుకుంటోంది."

"కళ్లలో పెట్టుకోవడం కుడివైపు. పద, వెళ్లి చూద్దాం."

ఆమె ఇళ్లకు వెళ్లడం మానేసి చాలా కాలమైంది. స్కూలు వదిలే వేళకు ఇద్దరూ బస్సులో వెళ్లారు. సందు ఎంత ఇరుకంటే ఎదురుగా సైకిలు వస్తే గోడకు అతుక్కోవాలి. ముందు గదిలో మిషను, దాని చుట్టూ ముక్కల గుట్టలు, గోడకు మేకుల మీద నాలుగు జాకెట్లు. గుమ్మం పక్కన నేల మీద నీలం సంచి, జిప్పు వేసి ఉంది.

"రండమ్మా, ముక్కలు పక్కకి తోసి కూర్చోండి," అంది బట్టలావిడ, మిషను ఆపకుండా. "ఇప్పటికి తీరిందా? నేను ఆరోజే చెప్పాను కదా ఈ పిల్లకి ఫోన్‌లో."

కొత్తమ్మాయి తలెత్తింది. "ఏం చెప్పారు?"

"అదే, సర్దుకుంది అని! స్కూల్నించి రావడం, బట్టలన్నీ తీసి ఆ సంచిలో సర్దుకోవడం. పొద్దున మళ్లీ యూనిఫాం కోసం అన్నీ బయటికి లాగడం. రోజూ ఇదే తంతు. మా ఆయన బీరువాలో ఒక అర ఖాళీ చేసిచ్చాడు. దాంట్లో దువ్వెన కూడా పెట్టదు. ఇలా సర్దుకుందమ్మా అంటే 'అమ్మయ్య, మంచిదండీ' అంది మీ అమ్మాయి. మంచిదేమిటో నాకు బోధపడలేదు. చదువుకున్నవాళ్లు కదా, ఏదో ఉంటుందిలే అనుకున్నా."

మిషను ఆగింది. సంతకం పెట్టిన ఆమె కొత్తమ్మాయి వైపు చూడలేదు. సంచి వైపు చూసింది.

పాప స్కూలు నుంచి వచ్చింది. చెప్పులు విప్పి, ఇద్దరినీ చూసి, సంచి దగ్గరికి వెళ్లి దాని పక్కనే కూర్చుంది. ఆమె కుర్చీ దిగి, ముక్కల గుట్ట పక్కన నేల మీద చతికిలబడింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"మొన్న బస్టాపులో ఏం చూస్తున్నావు?"

"కారు."

"ఏ కారు?"

"మీ ఆఫీసుదే. తెల్లది."

"వస్తుందని ఎవరైనా చెప్పారా?"

పాప గడ్డంతో కొత్తమ్మాయిని చూపించింది. "ఈ అక్క రావడం మానేసింది. అక్కలు మానేశాక కారు వస్తుంది."

"మరి ఇంట్లోనే ఉండొచ్చుగా. కారు ఇక్కడికే వస్తుందిగా."

"ఈ సందులోకి ఎలా వస్తుంది?" ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది పాప. "అక్కడే ఆగుతుంది. పోయిన ఇంట్లో నేను సర్దుకునేసరికి లేటయిందని డ్రైవరు ఒకటే హారన్. నా కలర్ పెన్సిళ్లు అక్కడే ఉండిపోయాయి. అందుకే ముందే వెళ్లి కూర్చున్నా."

బట్టలావిడ కత్తెర బల్ల మీద పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది. లోపల గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు, కావలసినదానికంటే గట్టిగా వినిపించింది.

తిరుగు ప్రయాణంలో, బస్సులో కొత్తమ్మాయి, "ఆవిడ సంచి అనలేదు మేడం. అని ఉంటే నాకు వినపడలేదు. నిజంగా," అంది.

"అని ఉండొచ్చు, అనకపోయి ఉండొచ్చు. ఏం సర్దుకుంది అని నువ్వు అడిగావా?"

"లేదు."

"నేను నిన్ను అడిగానా?"

కొత్తమ్మాయి కిటికీ వైపు తిరిగింది. "లేదు మేడం."

"అదీ సంగతి."

బుధవారం కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. మాట్లాడేది మాత్రం ఛైర్మనే. రిటైరైన హెడ్మాస్టరు, కాగితాలు చదివేటప్పుడు పెదాలు కదుపుతాడు. ఆమె రాసుకొచ్చిన రెండు పేజీలు అలాగే చదివాడు.

"ఒక్క క్రియాపదానికి ఇంత గొడవా అమ్మా!"

"గొడవంతా దాని వల్లే వచ్చింది సార్. పాప ఇల్లు విడిచి వెళ్లలేదు. మనం తీసుకెళతామని కూర్చుంది. మనం వెళ్లడం తగ్గించాం కాబట్టి కూర్చుంది. ఆ ఇంటి తప్పు ఇందులో లేదు."

"ఇంటిది కాకపోతే ఆఫీసుది. ఆఫీసుదని ఊరికే రాస్తే పైవాళ్లు ఊరుకోరు. ఎవరిదని అడుగుతారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అనుభవం ఉన్న మనిషి, దారి చూపించాలనే చూశాడు. "రిపోర్టు రాసింది ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయి. ఫోన్‌లో విని రాసింది. కొత్త. అలా రాసేస్తే సరిపోతుంది కదా?"

అలా రాస్తే పాప ఆ ఇంట్లోనే ఉంటుంది. తన పేరూ రాదు. బల్లకు ఇవతల ఉన్న ఆమెకు ఆ రెండూ స్పష్టంగానే కనిపించాయి. బయట వరండాలో బెంచీ మీద కొత్తమ్మాయి కూర్చుని ఉందని కూడా తెలుసు.

"తను విన్నది తను రాసింది సార్. చదవడం నా ఉద్యోగం. చదవకుండా సంతకం పెట్టాను."

"పద్దెనిమిదేళ్ల సర్వీసమ్మా మీది."

"అవును సార్."

ఛైర్మన్ మిగతా ఇద్దరి వైపు చూసి, పెదాలు కదుపుతూ రాయడం మొదలుపెట్టాడు. పాపను మూడు నెలలు అదే ఇంట్లో ఉంచాలి, వారం వారం కౌన్సిలర్ వెళ్లాలి, ఆ తర్వాత మళ్లీ చూడాలి. పర్యవేక్షకురాలి సంతకం ఆరు నెలల పాటు ఒక్కటే చెల్లదు. పక్క విభాగం అధికారి కూడా చదివి సంతకం చేయాలి. పక్క విభాగం అధికారి అంటే, పదేళ్ల క్రితం ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని దిద్దించుకున్న అమ్మాయే.

ఆ రాత్రి కంచాల ముందు అత్తగారికి సంగతంతా చెప్పింది.

"అంటే ఇప్పుడు నిన్ను చూసుకోవడానికి కూడా ఒకరిని పెట్టారన్నమాట," అంది అత్తగారు, కొత్త కన్నుతో ఆమెను పరీక్షగా చూస్తూ. "మంచిదే. ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే తప్పించుకు తిరిగావు."

గురువారం ఇద్దరూ మళ్లీ ఆ సందులోకి వెళ్లారు. కమిటీ మాట పాపకు కొత్తమ్మాయితో చెప్పించవచ్చు. ఆమె తానే చెప్పింది. మూడు నెలలు ఇక్కడే ఉంటావు. అక్క వారం వారం వస్తుంది.

"తర్వాత?" అంది పాప.

బట్టలావిడ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. కొత్తమ్మాయి ఏదో మంచి మాట చెప్పబోయి ఆగింది.

"తర్వాత సంగతి నాకు తెలియదు," అంది ఆమె.

"ఎవరికి తెలుసు?"

"ఇంకా ఎవరికీ తెలియదు. తెలిసిన రోజు నేనే వచ్చి చెబుతాను. ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే పది రోజుల ముందే చెబుతాను. ఉన్నట్టుండి కారు రాదు."

పాప వేళ్లు మడిచి చూసుకుంది. పది వేళ్లూ అయిపోయాయి.

"పది రోజులంటే చాలు," అంది. "అన్నీ తీసుకోవచ్చు."

"మధ్యలో నాకు జ్వరమొస్తే ఇంకొకరొచ్చి చెబుతారు. చెప్పకుండా మాత్రం ఎవరూ తీసుకెళ్లరు."

పాప తలూపింది. ఇక ఆ విషయంలో తనకు అడగవలసినదేమీ మిగిలినట్టు లేదు. బట్టలావిడ దగ్గరికి వెళ్లి, మిషను కిందికి జారుతున్న లంగా అంచును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"గట్టిగా లాగకే బాబిన్, కుట్టు వంకర పోతుంది," అంది బట్టలావిడ. మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

బయటికి వచ్చాక కొత్తమ్మాయి, "ఆ సంచి విప్పి అరలో పెట్టుకోమని చెప్పాల్సింది కదా మేడం," అంది.

"ఎందుకు?"

"ఉంటోంది కదా ఇక."

"మూడు నెలలు ఉంటోంది," అంది ఆమె. ఎదురుగా సైకిలు వస్తే ఇద్దరూ గోడకు అతుక్కుని దారి ఇచ్చారు. "విప్పాలని అనిపించిన రోజు తనే విప్పుకుంటుంది. ఆ రోజు నువ్వు అక్కడ ఉంటే చూస్తావు. లేకపోతే లేదు."