ఎలీనా కోసం ప్రార్థన

కాగజ్‌నగర్ బస్టాండు ఎదుట జిరాక్సు షాపులో కూర్చునే స్తుతికి మధ్యాహ్నం పూట పని తక్కువ. ఆధార్ నకళ్లు అడిగే జనం కూడా ఆ వేళకి అన్నం తిని ఓ కునుకు తీస్తుంటారు. అప్పుడామె ఫోను తీసి కోటలోకి వెళ్లిపోయేది. నిజం కోట కాదు లెండి. ఎక్కడో కొరియావాళ్లు రంగుల బొమ్మలతో గీసే ప్రేమకథ, వారానికో భాగం ఫోనులో వస్తుంది. అందులో రేవన్ అనే డ్యూకు ఎలీనా అనే పిల్లని ప్రేమించి పెళ్లాడి, ఎక్కడ పోగొట్టుకుంటానోనని బురుజులో పెట్టి తాళం వేస్తాడు. తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతాడు. పైగా ఆ తలుపు ముందు మోకరించి కన్నీళ్లు పెట్టుకోవడం ఒకటి!

ఇదేం ప్రేమరా నాయనా అని మీరూ నేనూ పక్కన పడేస్తాం. చదివే పిల్లలు పడేయరు. ప్రతి భాగం కిందా చేరి జుట్టు జుట్టు పట్టుకుంటారు. పోయిన జన్మలో ఆమెను పోగొట్టుకున్నాడు గనకనే ఈ జన్మలో బంధించాడని ఒకరి సిద్ధాంతం. వాడి మీద శాపం ఉందని ఇంకొకరు. శాపమూ లేదు పాడూ లేదు, వాడు ఉత్త దుర్మార్గుడు, ముక్కూ మొహమూ అందంగా గీశారని మీరంతా క్షమించేస్తున్నారు అని మరొకరు. స్తుతిది వేరే దారి. మొదటి భాగాల్లో ఎలీనా దువ్వెనల పెట్టెలో ఏదో మెరిసింది, ఆ తర్వాత దాని ఊసే లేదు. అది మారు తాళంచెవి, సమయం చూసుకుని ఆ పిల్లే తలుపు తీసుకుని వస్తుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు అని ఆమె గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా ఊరుకునేది కాదు.

ఈ పిచ్చి అంటించింది చెల్లెలు ఏంజెల్. పెళ్లికి ముందు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే చాప మీద పడుకుని ఒకే ఫోనులో ఈ కథ చదివేవారు. రేవన్ మొహం ఎప్పుడూ మబ్బు పట్టినట్టే ఉంటుందని ఏంజెల్ వాడికి మొగులుదొర అని పేరు పెట్టింది. ఆ పేరు ఆ చాప దాటి పోలేదు. ఏంజెల్ మొగులుదొర పక్షం. కాపాడుకుంటుండక్కా అనేది. కాపాడేటోడు గొళ్లెం లోపటి దిక్కు పెడుతడే అని స్తుతి కసురుకునేది.

రెండేళ్ల కిందట ఏంజెల్ తను కోరిన డేవిడ్‌నే చేసుకుని జమ్మికుంట వెళ్లింది. పత్తి మిల్లులో ఉద్యోగం, రైలు పట్టాల పక్కన ఇల్లు, మర్యాదగల మనిషి. అతని ప్రేమ గురించి చర్చి అంతా చెప్పుకున్నారు. భార్య కంటి ముందు లేకపోతే ముద్ద దిగదట, అందుకే పుట్టింటికి పంపడట. క్రిస్మస్‌కు వస్తాం అత్తమ్మా అన్నాడు, రాలేదు. ఈస్టరుకన్నాడు, అప్పుడూ అంతే. ఆదివారం మధ్యాహ్నం అతని ఫోన్‌లోనే ఏంజెల్ తల్లితో మాట్లాడేది. స్పీకరు పెట్టి పక్కన అతనుండేవాడు. అంతా బాగే అవ్వా అనేది, వెనకనుంచి రైలు చప్పుడు వచ్చేది, మాట అయిపోయేది. ఇంట్లో తోచదని సిమ్ము లేని పాత ఫోను ఇచ్చాను, ఇంటి వైఫైతో బొమ్మల కథలు చదువుకుంటుంది అని ఒకసారి డేవిడే మురిపెంగా చెప్పాడు. రాత్రి ఆ ఫోను తిరగేసి చూస్తాడని మాత్రం చెప్పలేదు.

తల్లి లచ్చవ్వ హాస్టల్లో వంట చేస్తుంది. అల్లుడి ప్రేమ చూసి ఆమెకు గర్వమే. స్తుతికే చెల్లెలు లేని లోటు తీరేది కాదు. చర్చిలో పాట ఎత్తుకుంటే పక్కన చెల్లెలి రెండో గొంతు ఉండేది కాదు. సగంలో గొంతు పూడుకుపోయి, పాటల పుస్తకం తిప్పుతున్నట్టు తల వంచుకునేది. నవ్వుకోకండి, మనిషి కోసం బెంగ పెట్టుకోవడమంటే అదే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, స్తుతి రాసిన తాళంచెవి సిద్ధాంతం కింద ఎవరో జవాబు పెట్టారు. మొగులుదొరను అన్యాయంగా తిట్టకండి, ఆయనకూ బాధ ఉంటుంది అని. స్తుతి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ మాట తెలిసింది లోకంలో ఇద్దరికే.

పేరు పెట్టి పిలవడానికి లేదు. డేవిడ్ ఆ ఫోను చూస్తే? అందుకని ఎలీనా గురించే మాట్లాడుకున్నారు. ఎలీనా చిక్కినట్టుంది, అన్నం తింటలేదా అని స్తుతి అడిగింది. కోటలో అన్నమెక్కడిదమ్మా, రొట్టె తింటారు అని తక్కినవాళ్లు ఏడిపించారు. ఏంజెల్ మాత్రం, తింటుంది, ఒక్కతే కూర్చుంటే సయించదు, అంతే అని రాసింది. స్తుతి ఆ పూట అన్నం డబ్బా మూత తీయలేదు. మరి దువ్వెనల పెట్టెలో తాళంచెవి ఉంది కదా, ఎందుకు తీయదు అని మళ్లీ మళ్లీ రాసేది. చదువుకున్న పిల్ల, పట్టుదల గల పిల్ల, ఒక్క మాట గుర్తు చేస్తే తనే వచ్చేస్తుందని ఆమె ఆశ. ఏంజెల్ ఆ ఒక్క ప్రశ్నకే జవాబిచ్చేది కాదు.

ఇలా టైపు చేస్తూ స్తుతి పైకే గొణుక్కోవడం లచ్చవ్వ చెవిన పడింది. శుక్రవారం వాళ్లింట్లో స్త్రీల సమాజం కూడిక. ప్రార్థన అంశాలు చెప్పండి అనగానే లచ్చవ్వ లేచి, ఎలీనా అని ఒక ఆడపిల్ల, మొగుడు తాళం వేసి ఉంచాడట, మా స్తుతి పరేషాన్ అవుతోంది అని చెప్పింది. స్తుతి నోరు తెరిచేలోపే పెద్దామె భూమవ్వ కళ్లు మూసుకుని, ఎలీనా బిడ్డను విడిపించు ప్రభువా అని ఎత్తుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. ప్రార్థన మధ్యలో, అది బొమ్మ అని ఎలా చెబుతుంది? తనూ ఆమేన్ అంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఇదే తంతు. ఎలీనా ఎట్లుందని అడగడం, స్తుతి కొత్త భాగం చెప్పడం, ఆడవాళ్లంతా వాదులాడుకోవడం. వాడికి దయ్యం పట్టిందని ఒకామె. దయ్యం కాదు, తల్లి గారాబం అని ఇంకొకామె. ఫోనులో పిల్లలు చెప్పే సిద్ధాంతాలు వీళ్ల ముందు ఏ మూలకి! చివరికొక రోజు భూమవ్వకి కోపం వచ్చింది.

"గా పిల్లకు తల్లిగారోళ్లు లేరా? ఉంటె ఏం జేస్తున్నరు, నోట్లె బెల్లం పెట్టుకున్నరా?" అంది.

స్తుతి ఆ ప్రశ్నను మర్నాడు ఉన్నదున్నట్టు కథ కింద పెట్టింది. మా ఊరి భూమవ్వ అడిగింది అని కూడా రాసింది. జవాబు రాలేదు. ఒక భాగం వచ్చింది, ఇంకో భాగం వచ్చింది, ఏంజెల్ నుంచి పలకరింపే లేదు. అతను చూసేశాడేమో, ఫోను లాక్కున్నాడేమో అన్న దిగులులో స్తుతి షాపులో ఒకరి కాగితాలు ఇంకొకరికి ఇచ్చి తిట్లు తింది. ఆఖరికి ఒక మధ్యాహ్నం రెండు ముక్కలు వచ్చాయి.

"ఎలీనా దగ్గర తాళంచెవి ఉందని వాళ్లనుకుంటున్నరు. అందుకే వస్తలేరు."

షట్టరు సగం దించి స్తుతి ఏడ్చింది. ఇన్నాళ్లూ చెల్లెలిని తలుపు నువ్వే తీసుకో, నువ్వే రా అని పోరింది తనే. గెలవాలనుకున్న సిద్ధాంతమే తనను కాగజ్‌నగర్‌లో కూర్చోబెట్టింది.

ఆ శుక్రవారం ఆమె అందరి ముందూ చెప్పేసింది. ఎలీనా బొమ్మ, ఏంజెల్ మాత్రం బొమ్మ కాదు అని. లచ్చవ్వ మొహం పాలిపోయింది. అల్లుడు మంచోడు అని ఒకటి రెండుసార్లు అంది గానీ, ఆ మాట ఆమెకే గట్టిగా వినపడలేదు. బొమ్మకు ప్రార్థన చేయించారా అని ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. భూమవ్వ వాళ్లను చేత్తో ఆపింది.

"పేరు తప్పు జెప్పినం గని, దేవునికి ఇల్లు ఎరుకే ఉంటది. జమ్మికుంటల కూడిక పెడుదం. ప్రార్థనకొచ్చినోళ్లను ఏ అల్లుడు ఎల్లగొడుతడు?" అంది.

తెల్లవారి రైలెక్కారు. చంకలో బైబిళ్లు, కొంగున టికెట్లు. పట్టాల పక్క ఇల్లు పట్టడం కష్టం కాలేదు. డేవిడ్ మిల్లుకి పోయాడు. తలుపుకి బయటి దిక్కు గొళ్లెం పెట్టి ఉంది. లచ్చవ్వ దాన్ని చూసి, అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. కూడికంటే ముందు పాటే కదా, స్తుతి పాట ఎత్తుకుంది. ఎప్పుడూ గొంతు పూడుకుపోయే చోటికి వచ్చేసరికి, తలుపు లోపలినుంచి రెండో గొంతు కలిసింది. ఆడవాళ్లు పాడటం ఆపి విన్నారు. అక్కాచెల్లెళ్లిద్దరే, తలుపుకి అటొకరు ఇటొకరు, పాట చివరిదాకా పాడారు. అప్పుడు భూమవ్వ గొళ్లెం లాగింది.

ఏంజెల్ వట్టి కాళ్లతో గడప మీద నిలబడి ఉంది. చెప్పులు ఆయన ఎక్కడ పెట్టాడో తెలియదంది. లచ్చవ్వ తన చెప్పులు విడిచి, వంగి, బిడ్డ కాళ్ల ముందు పెట్టింది. ఏంజెల్ వాటిని తొడుక్కుని అక్క చేయి పట్టుకుంది.

"కాగజ్‌నగర్ దిక్కు నుంచి బండి వచ్చినప్పుడల్లా మీరు దిగిన్రేమో అనుకున్న అక్కా," అంది.